దోమకో అణా

మా మేనల్లుడు ఇంటికి వస్తే రెండు పనులు చేస్తాడు. ముందు ఫ్రిజ్ తలుపు తీసి లోపలికి తొంగిచూస్తాడు. తరవాత నా చేతిలో ఉన్న పుస్తకం అట్ట తిప్పి చూస్తాడు. రెండు చోట్లా పెదవి విరుస్తాడు. మొన్న సంక్రాంతికి వచ్చినప్పుడు నా చేతిలో ఉన్నది ‘కన్యాశుల్కం’. చదవడం ఎన్నోసారో నాకే గుర్తు లేదు.

“మళ్ళీ ఇదేనా మావయ్యా! ఇన్నిసార్లు చదివేక ఇంకా నీకు కొత్తగా తెలిసేదేముంది?” అన్నాడు.

ఇంకెవరైనా అని ఉంటే నవ్వి ఊరుకునేవాణ్ణి. వీడు హైదరాబాదులో ఒక ప్రయోగశాలలో మలేరియా పరాన్నజీవి మీద పరిశోధన చేస్తున్నాడు. ‘తెలియడం’ అనే మాటని కంసాలి గురిగింజని తూచినంత జాగ్రత్తగా వాడతాడు. వాడి లెక్కలో ఒక సంగతి తెలిసింది అనాలంటే, ముక్కూ మొహం తెలియని మరొకడు మరో ఊళ్ళో అదే పని చేసి చూసినా అదే ఫలితం రావాలి. రాకపోతే అది తెలిసినట్టు కాదు, అనుకున్నట్టు. “కథంటే జరగనిది. జరగనిదాని గురించి తెలుసుకునేదేమిటి? సరదాకి చదువుకో, వద్దన్నదెవరు? జ్ఞానం అని మాత్రం అనకు” అని తేల్చేశాడు.

నోట్లో అరిసె ఉంది కాబట్టి వెంటనే జవాబు చెప్పవలసిన అవసరం తప్పింది. అరిసె అయిపోయింది. జవాబు మాత్రం రాలేదు. అప్పటినుంచీ నములుతూనే ఉన్నాను.

వాడి ఇలాకాలోంచే మొదలుపెడతాను. 1897 ఆగస్టు 20, సికింద్రాబాదు. రొనాల్డ్ రాస్ అనే సైనిక వైద్యుడు సూక్ష్మదర్శిని ముందు కూర్చుని దోమల పొట్టలు కోస్తున్నాడు. వేసవి పోయినా ఉక్క పోలేదు. పంకా వేయించుకుందామంటే, కోసిపెట్టిన దోమ ముక్కలు గాలికి ఎగిరిపోతాయి. నుదుటి చెమటా చేతుల చెమటా కారి సూక్ష్మదర్శిని మరలు తుప్పు పట్టాయి. మిగిలిన ఒక్క కంటి అద్దం కూడా బీటలు వారింది. అలాంటి పరికరంలోంచి, రెక్కల మీద మచ్చలున్న ఒక జాతి దోమ పొట్ట గోడలో, అంతకుముందు ఏ దోమలోనూ కనిపించని నల్లటి రంగురేణువుల కణాల్ని ఆయన చూశాడు. మలేరియా క్రిమి దోమలో బతుకుతుందన్న సంగతికి మొదటి ఆనవాలు అదే. 1902లో నోబెల్ బహుమతి వచ్చింది. బేగంపేటలో పాత విమానాశ్రయం దగ్గర రాస్ పేరుతో ఉన్న భవనానికి మా వాడు నన్ను ఒకసారి తీసుకెళ్ళాడు. గుడికి వెళ్ళినట్టు చెప్పులు విప్పుతాడేమో అనుకున్నాను.

ఆ దోమలు కుట్టిన మనిషి పేరు హుసేన్ ఖాన్. మలేరియా రోగి. దోమల్ని అతని మీదికి వదిలారు. కుట్టిన ఒక్కో దోమకి ఒక్క అణా చొప్పున రాస్ అతనికి ముట్టజెప్పాడు. ఆ దోమల్నే నాలుగైదు రోజులు బతికించి తరవాత కోశాడు.

దోమకో అణా. ఈ మాట దగ్గర నేను ఎప్పుడూ ఆగిపోతాను. హుసేన్ ఖాన్ నెత్తుటిలో ఏముందో సైన్సు కనిపెట్టింది, లోకానికి మేలు చేసింది. లక్షల ప్రాణాలు నిలబెట్టిన మాట అది, నేను దానికి దణ్ణం పెడతాను. మరి హుసేన్ ఖాన్ ఏమనుకున్నాడు? చలితో వణుకుతున్నవాడు చెయ్యి చాచి దోమలకి అప్పజెబుతూ, ఇంకొకటి కుడితే ఇంకో అణా అని ఎదురుచూశాడా? ఈ దొరకి పిచ్చి అనుకున్నాడా? ఆ డబ్బు ఇంటికి తీసుకెళ్ళి ఎక్కడిదని చెప్పాడు? రాస్ వాటిని రాయలేదు. రాయకపోవడం తప్పూ కాదు, ఆయన వెతుకుతున్నది అది కాదు. కాని ఆ ప్రశ్నలకి జవాబు ఉండి తీరాలి. ఆ రోజు ఆ గదిలో ఆ జవాబు ఒక మనిషి మనసులో ఉంది. కొలిచే పరికరం లేదని, ఉన్నది లేకుండా పోదు కదా.

రాస్‌కి ఆ సంగతి తెలియకపోలేదనిపిస్తుంది. ఆయన పద్యాలు రాసేవాడు. 1889లోనే ఒక నవల అచ్చువేశాడు. దోమలో తను వెతుకుతున్నది దొరికిన తరవాత దాని మీదా పద్యం రాసుకున్నాడు. వ్యాసంలో పట్టనిది ఏదో ఆయనకీ మిగిలిందన్నమాట.

ఇప్పుడు సికింద్రాబాదు నుంచి విజయనగరం వెళదాం. అదే 1897. గురజాడ అప్పారావు ‘కన్యాశుల్కం’ మొదటి కూర్పు అచ్చయిన ఏడాది. నాటకం అంతకు అయిదేళ్ళ ముందే, 1892లో, విజయనగరంలో ప్రదర్శించారు. నాటకం అందరికీ తెలుసు. ఆ కూర్పుకి గురజాడ ఇంగ్లీషులో రాసిన పీఠికలో ఒక జాబితా సంగతి ఉంది. అది చాలామంది దాటేసే పేజీ.

సంఘ సంస్కరణ గురించి చర్చలు జోరుగా సాగుతున్న రోజుల్లో, విజయనగరం మహారాజా ఆనంద గజపతి విశాఖపట్నం జిల్లాలో బ్రాహ్మణ కుటుంబాల్లో డబ్బు పుచ్చుకుని చేసిన పెళ్ళిళ్ళకి ఒక పట్టిక తయారుచేయించారు. మూడేళ్ళలో తేలినవి 1034. సగటున ఏడాదికి 344. అందులో అయిదేళ్ళ పిల్లలు 99 మంది. నాలుగేళ్ళవాళ్ళు 44, మూడేళ్ళవాళ్ళు 36, రెండేళ్ళవాళ్ళు ఆరుగురు. ఏడాది పిల్లలు ముగ్గురు. ఆ ముగ్గురికీ పలికిన ధర తలకి 350 నుంచి 400 రూపాయలు.

మా మేనల్లుడికి ఈ పేజీ చూపించాను. వాడి మొహం మారింది. “ఇదీ సాక్ష్యం అంటే. ఇంత లెక్క చేతిలో ఉంటే మళ్ళీ నాటకం ఎందుకు రాశాడాయన?” అన్నాడు.

అసలు ప్రశ్న ఇదే. గురజాడ లెక్కలు తెలియక కథ చెప్పినవాడు కాదు. లెక్క చేతిలో పట్టుకుని, దాన్ని పీఠికలో పెట్టి, దాని వెనక నాటకం పెట్టాడు. లెక్క చాలి ఉంటే పీఠికతోనే ఆగిపోయేవాడు.

ఎందుకు చాలలేదో ఆ పీఠికలోనే ఒక ఆధారం ఉంది. ఈ జాబితా సంపూర్ణం కాదని గురజాడే చెప్పాడు. కారణం కూడా చెప్పాడు. డబ్బు పుచ్చుకున్నామని ఒప్పుకోవడానికి ఎవరూ ఇష్టపడరు. ఎంత సీదా కారణం! లెక్క రాసేవాడు గుమ్మంలో నిలబడి అడగాలి, ఇంటి యజమాని చెప్పాలి. దోమ పొట్ట అబద్ధమాడదు. మనిషి ఆడతాడు. కావాలని ఆడకపోయినా, అడగగానే సద్దుకుంటాడు, కండువా సరిచేసుకుంటాడు. “అబ్బే, మా ఇంటావంటా లేదండీ” అంటాడు. మనుషుల గురించిన కొన్ని సంగతులకి ఉన్న చిక్కే ఇది. అడిగితే దాక్కుంటాయి.

నాటకం ఎవర్నీ అడగదు. అగ్నిహోత్రావధాన్లు అని ఒకాయన్ని సృష్టించి, ఆయన ఇంట్లో మనల్ని కూర్చోబెడుతుంది. ఆయన మనకి జవాబు చెప్పుకోనక్కరలేదు, కాబట్టి సద్దుకోడు. పెద్ద కూతురు బుచ్చమ్మని డబ్బు తీసుకుని ముసలివాడికి కట్టబెట్టాడు. ఆ ముసలివాడు పోయాడు. ఆ పిల్ల విధవరాలై ఆయన కళ్ళ ముందే తిరుగుతోంది. ఆయన మాత్రం రెండో కూతురు సుబ్బికి పద్దెనిమిది వందలకి ఇంకో ముసలివాణ్ణి, లుబ్ధావధాన్లని, కుదిర్చాడు. భార్య ఏడుస్తుంది, బావమరిది కాదంటాడు. ఆయన అరుస్తాడు. దావాల పిచ్చి ఉన్న మనిషి. ఇంటి ఖర్చులున్నాయి, కొడుకు ఇంగ్లీషు చదువు ఉంది. ఆయన మటుకు ఆయన రాక్షసుడు కాదు, సంసారం ఈదుతున్నవాడు. ఎవరి బేరం మీద కథంతా నడుస్తుందో ఆ సుబ్బికి నాటకంలో మాటలు దాదాపు లేవు.

ఇక్కడే నాకు ఒకటి తట్టింది. ఆ 1034 పెళ్ళిళ్ళ పట్టిక ఏం చెప్పాలనుకుందో, ఆ సాక్ష్యం అగ్నిహోత్రావధాన్ల ఇంట్లోనే ఉంది. బుచ్చమ్మే సాక్ష్యం. రోజూ అన్నం వడ్డిస్తున్న సాక్ష్యం. ఆయనకి కనిపించలేదు. కళ్ళెదుట ఉన్న లెక్క మనిషికి ఎందుకు కనబడదో ఏ పట్టికా చెప్పలేదు. దాన్ని చూపించాలంటే ఆయన కోపం, ఆయన అప్పులు, ఆయన పరువు, భోజనాల వేళ ఆయన గొంతు అన్నీ కావాలి. అవి ఉన్నచోటే ఆ గుడ్డితనమూ కనబడుతుంది. నాటకం నాకు తెలియజెప్పినది అదీ. పూర్వం మనుషులు చెడ్డవాళ్ళని కాదు, చూస్తూ చూడకపోవడం ఎలా జరుగుతుందో.

దాని పక్కనే, అదే నాటకంలో, గిరీశం ఉన్నాడు. విధవా వివాహాల గురించి ఉపన్యాసాలు దంచుతాడు, వాడి ఎత్తులు వాడివి. వాడు మోసగాడని మొదటి రంగంలోనే తెలిసిపోతుంది. అయినా వాడు రంగం మీదికి రాగానే మనకి హుషారొస్తుంది. నేను కాలేజీలో ఉండగా ఆ నాటకం చూసి గిరీశంలా మాట్లాడటం సాధన చేశాను. చాలా ఏళ్ళ తరవాత, ఆఫీసులో ఒక సభలో, నేను చేయని పనులన్నీ చేయాలని అందరికీ ఉద్బోధిస్తూ అనర్గళంగా మాట్లాడి దిగి వచ్చి కుర్చీలో కూర్చుంటే, వెన్నులో చల్లగా అనిపించింది. గిరీశం నా వెనక వరసలో కూర్చుని చప్పట్లు కొడుతున్నాడు. ఈ తెలివిడి నాకు ఏ మనస్తత్వశాస్త్ర పుస్తకం ఇచ్చి ఉంటే ఆ అధ్యాయం ఎవరి గురించో అనుకుని తిప్పేసేవాణ్ణి. గిరీశాన్ని ముందు ఇష్టపడ్డాను కాబట్టి తప్పించుకోలేకపోయాను.

గురజాడ ఒకసారి రాసి వదిలెయ్యలేదు. 1909లో రెండో కూర్పు వచ్చేసరికి అది దాదాపు కొత్త నాటకం. వేశ్య మధురవాణి పాత్ర ఎంతో పెరిగింది, మనుషులు చిక్కబడ్డారు. రాస్ దోమ మీద దోమ కోసినట్టే ఈయనా మనిషిని మళ్ళీ మళ్ళీ పరికించాడు. సరిగా కనబడేదాకా అద్దం తుడవడం ఇద్దరికీ తెలుసు.

ఇదంతా మా వాడికి ఫోనులో చెప్పాను. శ్రద్ధగానే విన్నాడు. విని, “మరి పాము సంగతి?” అన్నాడు.

వాడి దెబ్బ అలాగే ఉంటుంది. పాము పగబడుతుందని, పాలు తాగుతుందని, తలకి దెబ్బ తగిలితే మతిపోతుందని, మళ్ళీ అక్కడే దెబ్బ తగిలితే తిరిగి వస్తుందని, ఇవన్నీ నాకు ఎవరు నేర్పారు? సినిమాలు. అవి కథలు కావా? అంతకంటే చేటు చేసినవీ ఉన్నాయి. కాదన్న ఆడపిల్ల వెంట ఊరంతా తిరిగితే చివరికి ప్రేమిస్తుందని మూడు తరాల మగపిల్లలకి పాఠం చెప్పినవీ కథలే. అవీ మనల్ని కూర్చోబెట్టే చూపించాయి. అక్కడా హుషారొచ్చింది. “దోమ విషయంలో తప్పు చెబితే ఇంకో ప్రయోగశాల మమ్మల్ని పట్టుకుంటుంది. కథ తప్పు చెబితే పట్టుకునేదెవరు?” అన్నాడు.

నా దగ్గర ఈసారి అరిసె కూడా లేదు. వాడు అన్నది నిజం. కథ సత్యాన్ని ఎంత తేలిగ్గా ఒంటబట్టిస్తుందో అబద్ధాన్నీ అంతే తేలిగ్గా ఒంటబట్టిస్తుంది. కాబట్టి కథలో ఉన్నదంతా జ్ఞానం అనేవాడితో నేను చేరను. అన్నం ఉడికిందో లేదో చూడ్డానికి ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలంటారు మనవాళ్ళు. రచయిత చేసేది అదే, ఒక్క మెతుకు పట్టి చూపిస్తాడు. కాని ఆ లెక్క కుదిరేది గిన్నె అంతా ఒకేలా కాగినప్పుడే. అడుగు మాడి పైన పలుకు మిగిలిన గిన్నెలో, పట్టిన మెతుకు ఏది చెబితే అది నమ్మితే ఎలా? ఆ గిన్నె గురించి చెప్పాల్సింది 1034 పెళ్ళిళ్ళ లెక్క. ఆ పట్టికే లేకపోతే సుబ్బి కథ ఎక్కడో ఒక కొంపలో జరిగిన గొడవ అని కొట్టిపారేయొచ్చు. గురజాడ రెంటినీ ఒకే పుస్తకంలో పెట్టింది అందుకేనేమో.

మన ఆలంకారికులు ఈ సమస్యని వేరే దారిలో దాటారు. వేదం ప్రభువులా ఆజ్ఞాపిస్తుంది, పురాణం మిత్రుడిలా నచ్చజెబుతుంది, కావ్యం కాంతలా లాలనగా చెబుతుంది అన్నారు. అందమైన మాటే గాని నాకు ఎప్పుడూ కొంచెం అసంతృప్తి. ముగ్గురూ చేసేది ఉపదేశమే. చెప్పే విషయం ముందే తెలుసు, చెప్పే గొంతే వేరు. చేదు మాత్రకి బెల్లం పూసినట్టు. కన్యాశుల్కంలో ఉన్నది బెల్లం పూసిన ఉపదేశం కాదు. బాల్యవివాహం తప్పు అన్న మాట కోసం ఎవరూ దాన్ని వందేళ్ళ తరవాత చదవరు. ఆ మాట రెండు ముక్కల్లో అయిపోతుంది. చదివితే తప్ప దొరకనిది వేరే ఉంది.

దానికి పేరు మన భాషలోనే ఉంది. ‘తెలుసు’ అని ఒక మాట ఉంది, ‘ఎరుగుదును’ అని ఇంకోటి ఉంది. మలేరియా ఎలా వస్తుందో నాకు తెలుసు. ఆకలి ఎరిగినవాణ్ణి అంటే అర్థం వేరు. “వాడు కష్టం ఎరగడు” అంటే కష్టానికి నిర్వచనం రాదని కాదు. తెలిసినది ఇంకొకరికి చెప్పేయొచ్చు, బల్ల మీద పెట్టేసినట్టు. ఎరుకని అలా పెట్టలేం. పక్కన కూర్చోబెట్టుకుని, అదే వానలో తడిపి, అదే వీధిలో తిప్పి తేవాలి. కథ చేసేది ఆ తిప్పడం. సైన్సు మనకి తెలియజేస్తుంది, కథ ఎరిగిస్తుంది. ఒకటి రెండోదాని పని చెయ్యలేదు. కుష్ఠు వ్యాధి క్రిమి గురించీ దాని మందు గురించీ డాక్టర్ కేశవరెడ్డికి తెలియనిది కాదు. నిజామాబాదు జిల్లా డిచ్‌పల్లి ఆసుపత్రిలో ఏళ్ళ తరబడి ఆ రోగులకి వైద్యం చేశారు. మందు రాసిన చేత్తోనే నవలలు రాశారు. మందు ఒక్కటే చాలుననుకుంటే రెండో పని ఎందుకు పెట్టుకుంటారు?

కొడవటిగంటి కుటుంబరావు చదివింది భౌతికశాస్త్రం. సైన్సు వ్యాసాలు రాశాడు. ఆయనే ‘చందమామ’లో బేతాళ కథలు నడిపాడు. ఆ బేతాళుడి పద్ధతి చూడండి. కథ చెబుతాడు, చివర ఒక ప్రశ్న వేస్తాడు, జవాబు తెలిసీ చెప్పకపోతే తల పగులుతుందంటాడు. ఒక లేని పరిస్థితి కల్పించి, దాంట్లో ఏది న్యాయమో తేల్చమనడం. శాస్త్రవేత్తలు చేసేదీ ఒక్కోసారి ఇదే. గెలీలియో బరువు రాయినీ తేలిక రాయినీ ఊహలోనే తాడుతో కట్టి కింద పడేశాడు. ష్రోడింగర్ 1935లో ఊహలోనే ఒక పిల్లిని పెట్టెలో పెట్టాడు. జరగనిదాని గురించి తెలుసుకునేదేమిటని అడిగిన మా వాడికి ఆ పిల్లిని చూపించాను. “అది తరవాత కొలవడానికి దారి చూపే ఊహ మావయ్యా” అన్నాడు. కథ కూడా దేనికో దారి చూపే ఊహే. ఏది కొలవడానికి అన్నదే నాకు అప్పటికి తట్టలేదు.

తట్టింది పోయిన వర్షాకాలంలో, ఒక రాత్రి వాన చప్పుడు వింటూ. అది 1976లో తట్టవలసిన సంగతి.

అప్పుడు నాకు పన్నెండేళ్ళు. విజయనగరం దగ్గర పల్లెటూరు. దేశంలో మలేరియా పోయినట్టే పోయి, తిరగబెట్టిన ఏడాది అది. ఆ ఒక్క సంవత్సరం కేసులు 64 లక్షలు దాటాయి. అందులో ఒకటి నేను. మా ఇంటి గోడ మీద డి.డి.టి. కొట్టినవాళ్ళు రాసిన తేదీ ఉండేది. దాని కిందే నా మంచం. రోజు మార్చి రోజు, గడియారం పెట్టినట్టు, మధ్యాహ్నం దాటగానే చలి మొదలయ్యేది. ఇంట్లో ఉన్న దుప్పట్లన్నీ కప్పినా మంచం కిర్రుకిర్రుమనేది. నెత్తుటి కణాల్లో పెరిగిన క్రిములన్నీ 48 గంటలకోసారి ఒక్కుమ్మడిగా వాటిని పగలగొట్టుకుని బయటపడతాయని, చలికి కారణం అదేనని చాలా ఏళ్ళకి మా మేనల్లుడే చెప్పాడు. చెప్పినప్పుడు ఎంత ఊరట! నా వణుకుకి ఒక లెక్క ఉందని తెలియడం.

మలేరియా వర్కరు వచ్చి నా వేలు పొడిచి, గాజుపలక మీద నెత్తురు చుక్క పూసి, దాని మీద నంబరు గీసుకుని, చేదు మాత్రలు ఇచ్చి వెళ్ళాడు. నా పక్కన కూర్చునేది పెద్దమామ్మ. మా తాతయ్యకి అక్క. ఏడో ఏట పెళ్ళి, పదకొండో ఏట విధవరాలై పుట్టింటికి వచ్చేసింది. నేను ఎరిగేనాటికే డెబ్భై దాటింది. తలమీద తెల్ల పంచె ముసుగు, చేతిలో విసనకర్ర, ఎవరి మీదా ఫిర్యాదు లేని మొహం. ఆవిడ జీవితం గురించి ఇంట్లో ఎవరూ అడిగినట్టు నాకు గుర్తు లేదు. అడగడానికి అక్కడ ఏదో ఉందని మాకు తోచేది కాదు.

ఆ సాయంత్రం ముందు గదిలో రేడియోలో కన్యాశుల్కం వస్తోంది. బాబాయిలూ పిన్నులూ రేడియో చుట్టూ చేరి విరగబడి నవ్వుతున్నారు. పెద్దమామ్మా నా మంచం మీద కూర్చునే నవ్వింది. ఆవిడ నవ్వు నాకు ఇప్పటికీ వినబడుతుంది, పళ్ళు లేని నోటి గాలి నవ్వు. లుబ్ధావధాన్లతో బేరం నడుస్తోంది. ఇంతలో వాన అందుకుంది. పెంకుల మీద ఎంత పెద్ద చప్పుడంటే రేడియో వినబడలేదు. ముందు గదిలో ఎవరో చిరాకుపడ్డారు.

పెద్దమామ్మ పైకి చూసింది. “ఈ పెంకులు నావేరా” అంది.

జ్వరం నాకా ఆవిడకా అనుకున్నాను.

“నన్నిచ్చినప్పుడు ముట్టిన సొమ్ముతోనే మా నాన్న తాటాకు తీయించేసి పెంకు నేయించేడు. ఎంత ముట్టిందో నేనెరగను. కుమ్మరి బండి మీంచి దింపుతూంటే పెంకులు మాత్రం లెక్కెట్టేను.” అని, నా నుదురు మీద చెయ్యివేసి, “చెమట పడుతోంది. తగ్గిపోతుంది” అంది.

అంతే. మళ్ళీ ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు. రెండు వారాల తరవాత నా గాజుపలక ఫలితం వచ్చింది. క్రిమి ఉందని రాశారు. అప్పటికి నేను గోలీలాడుకుంటున్నాను.

లెక్క రాసుకునేవాడు మా ముత్తాత గుమ్మంలోకి వచ్చి ఉంటే ఆయన కండువా సద్దుకుని ఏమని ఉండేవాడో నాకు తెలుసు. ఆవిణ్ణి అడిగి ఉంటే ఆవిడా తల దించుకునేది. డెబ్భై ఏళ్ళు ఎవరూ బయటికి లాగలేని సంగతిని, ఎవర్నీ ఏమీ అడగని ఒక నాటకం, జరగని ఒక బేరం, లేని ఒక ముసలివాడు బయటికి తెచ్చారు. కథ తప్పు చెబితే పట్టుకునేదెవరని మా వాడు అడిగాడు కదా. కథకీ ఒక పరీక్ష ఉంది. అది వినగానే ఎక్కడో ఒక మూల కూర్చున్న సాక్షి నోరు విప్పాలి. పాము పగ సినిమా చూసి ఏ పామూ సాక్ష్యం చెప్పదు. వెంటపడే ప్రేమ కథకి ఆ ఆడపిల్ల చేత చెప్పించండి చూద్దాం. కన్యాశుల్కానికి మాత్రం మా ఇంటి కప్పు సాక్ష్యం చెప్పింది.

మా వాడు ఈ నెల వచ్చినప్పుడు ఇదంతా చెప్పాను. ఈసారి ఫ్రిజ్ తెరవలేదు. ఆ ఇంటికి ఎప్పుడో శ్లాబు వేశారు. ఒక పెంకు మాత్రం నేను తెచ్చుకుని పుస్తకాల అల్మారాలో పెట్టుకున్నాను. తీసి వాడి చేతిలో పెట్టాను. అరచెయ్యంత వంపు, ఒక పక్క పాచి మరక. లోపలివైపు కుమ్మరి వేళ్ళు జారిన గీతలు నాలుగు, పచ్చి మట్టి మీద పడి అలాగే కాలి ఉన్నాయి. వాడు కిటికీ దగ్గరికి వెళ్ళి, వెలుతురుకి పట్టుకుని, స్లైడు చూసినట్టే చాలాసేపు చూశాడు.

“లెక్కపెట్టిందన్నావు కదా మావయ్యా. ఎన్నిట?”

అడగలేదు. పన్నెండేళ్ళవాడికి తోచలేదు. ఆ తరవాత ఆవిడ బతికిన ఆరేళ్ళలోనూ తోచలేదు. లెక్క ఆవిడ దగ్గర ఉంది, చెప్పడానికి ఆ ఒక్క వాన సాయంత్రం సిద్ధంగా ఉంది, పక్కన నేను ఉన్నాను. వీడుండి ఉంటే అడిగేవాడు.